వ్రాతలేని వ్యాపారము – వాటాల వివాదము

(మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, విద్యార్థివసతిగృహములను గూర్చియు పెద్దలు ప్రసంగించిన ఈ వేదికమీద నేను పద్దుపుస్తకములను గూర్చియు, పత్రములను గూర్చియు మాటలాడ బూనుట కొందరికి నీరసముగా తోచవచ్చును. కాని మన ఆర్యవైశ్యకులమునకు వర్తకమే జీవగర్ర. ఆ వర్తకము నష్టమువలన చెడుటకంటె, లాభము వచ్చిన పిమ్మట దానిని పంచుకొనుటలో చెడుట నేను ఎక్కువగా చూచితిని. పెక్కేండ్లుగా తగవులలో మధ్యవర్తిగా కూర్చుండినవాడను. అందు ఒక తగవులో నేను చేసిన పొరపాటు నేటికిని నన్ను విడువకున్నది. దానిని మీ ముందు చెప్పుకొనుటకే ఈ విషయమును ఎన్నుకొంటిని.

మన తాతలు మాటమీద వ్యాపారము చేసిరి. ఇద్దరు కలిసి కొట్టు పెట్టుకొనవలె ననుకొన్నచో దేవుని ముందు కొబ్బరికాయ కొట్టి, గల్లాపెట్టెకు పసుపు కుంకుమలు పెట్టి, 'నీకు సగము, నాకు సగము' అనుకొనుటతో ఒడంబడిక ముగిసెడిది. దానిని నేను తక్కువచేసి మాటలాడను. అయితే ఆ మాటకు కావలికాయువారు ముగ్గురుండిరని మనము మరచితిమి. ఒకరు వీధివారు: ఎవరి డబ్బు ఎంత, ఎవరి కష్టమెంత అన్నది వీధికంతయు తెలియును. రెండవవారు పెద్దలు: మాట యిచ్చుకొన్ననాడు దగ్గర కూర్చున్నవారే తగవునాడును కూర్చుండెడివారు. మూడవవారు బంధువులు: మాట తప్పినవాని యింటికి పిల్లనిచ్చుటకు ఎవరును ముందుకు రాకపోయెడివారు. ఈ ముగ్గురి బలముచేతనే మాట నిలిచినది.

నేడు ఆ కావలి యేది? అన్న యొక ఊర, తమ్ముడొక ఊర. కొడుకు హైదరాబాదులో, కుమార్తె అమెరికాలో. మాట విన్న పెద్దలు కాలముచేసిరి. నాడు కొన్ని వేల రూపాయలతో మొదలయిన కొట్టు నేడు బజారులో లక్షలకు, కోట్లకు వెలకట్టబడుచున్నది. మాట మాత్రము నాటిదే. దానిని విన్న చెవులే మిగులలేదు. మాటకు ఆయుర్దాయము చెప్పినవాని ఆయుర్దాయముతో సమానము. వారసుడు ఆస్తిని పొందగలడు గాని, తండ్రి విన్న మాటను పొందజాలడు గదా!

ఇక, పత్రము లేకున్నచో ధర్మమే నిర్ణయించునని కొందరు, న్యాయస్థానము మన మనస్సులోని మాటను కనుగొనునని కొందరు అనుకొందురు. ఈ రెండును పొరపాటే. మనము చెప్పక విడిచిన చోట శాసనము తన మాట చెప్పును. ఆ మాట ఇరువురిలో ఎవరి తలపునకును సరిపడకపోవచ్చును.

ఒక దృష్టాంతము చూడుడు. బావ 8 లక్షలు పెట్టెను. బావమరిది 2 లక్షలు పెట్టి, తెల్లవారుజామున తలుపు తీసినది మొదలు రాత్రి గల్లా లెక్క చూచువరకు తానే కొట్టు నడపెను. వాటాలు ఇంతింత అని అనుకొన్నది లేదు, వ్రాసినది లేదు. తొమ్మిదేండ్లకు మనసులు విరిగినవి. బయటి అప్పులన్నియు తీర్చగా 40 లక్షలు మిగిలినవి. బావ లెక్క యేమనగా, పెట్టుబడి నాలుగు పాళ్లకు ఒక పాలు గనుక తనకు 32 లక్షలు, బావమరిదికి 8 లక్షలు. బావమరిది లెక్క యేమనగా, సొమ్ము చెరి సగము, అదిగాక తొమ్మిదేండ్ల చాకిరికి జీతము. ఇద్దరును తమది ధర్మమనియే నమ్మియుండిరి.

1932వ సంవత్సరపు భాగస్వామ్యశాసనము చెప్పున దేమి? వేరు ఒడంబడిక లేనప్పుడు లాభనష్టములు భాగస్థులకు సమానము. పెట్టుబడి హెచ్చుతగ్గులతో నిమిత్తము లేదు. వ్యాపారము నడపినందుకు ఏ భాగస్థునికిని జీతము లేదు. పెట్టుబడిమీద వడ్డీయు లేదు. కావున ముందుగా ఎవరి మూలధనము వారికి తిరిగి పోవును: 8, 2. మిగిలిన 30 లక్షలు చెరి సగము. బావకు 23 లక్షలు, బావమరిదికి 17 లక్షలు. బావ ఆశించినది రాలేదు, బావమరిది ఆశించిన జీతమును రాలేదు. ఇంతకంటె కఠినమైన సంగతి నష్టము వచ్చిననాడు తెలియును. మిగిలినది 4 లక్షలే అనుకొందము. పది లక్షల మూలధనములో 6 లక్షలు పోయినవి. చెరి మూడు లక్షల నష్టము. తొమ్మిదేండ్లు కష్టపడిన బావమరిదికి తన 2 లక్షలు పోవుటయేగాక, ఇంటినుండి మరియొక లక్ష తెచ్చి బావ కీయవలసి వచ్చును!

ఇందొక విశేష మున్నది. మన ప్రాచీన ధర్మశాస్త్రములు ఈ విషయమును ఎరుగనివి కావు. కూడి వ్యాపారము చేయుటను 'సంభూయసముత్థాన' మని పేర్కొని, దానిని ఒక ప్రత్యేక వ్యవహారపదముగా విచారించినవి. యాజ్ఞవల్క్యస్మృతి ప్రకారము, కూడి వర్తకము చేయువారికి లాభనష్టములు వారు పెట్టిన ద్రవ్యమును బట్టియైనను, వారు చేసికొన్న ఒడంబడికను బట్టియైనను ఏర్పడును. ఆ స్మృతికి మితాక్షర యను వ్యాఖ్య వ్రాసినవాడు విజ్ఞానేశ్వరుడు. 13వ శతాబ్దమున మూలఘటిక కేతన ఆ ధర్మశాస్త్రవిషయమును విజ్ఞానేశ్వరీయ మను పేర తెలుగు చేసెను. బావగారి మనస్సులోని లెక్క ఆ ప్రాచీనపు లెక్క. నేటి శాసనపు లెక్క వేరు. స్మృతికిని శాసనమునకును ఒక్క విషయమున మాత్రము భేదము లేదు: ఒడంబడిక యున్నచో ఒడంబడికయే ప్రమాణము. రెండును మనలను అడుగుచున్న దొక్కటే: 'మీరేమి అనుకొంటిరి?'

నోటిమాటతో ఏర్పడిన భాగస్వామ్యము చెల్లదని నేను చెప్పుట లేదు. చెల్లును. ఏటేట లెక్క చూచుకొని ఒక నిష్పత్తిలో పంచుకొనుచు వచ్చిరేని, ఆ నడవడినుండియే ఒడంబడికను ఊహించుటకును వీలున్నది. కాని దానిని రుజువు చేయుటయే కష్టము. చిట్టా, ఆవర్జాలు క్రమముగా వ్రాసినవైనచో న్యాయస్థానము వానిని చూచును. అయినను ఆ పద్దులు మాత్రమే ఒకనిమీద బాధ్యత మోపుటకు చాలవని 1872వ సంవత్సరపు సాక్ష్యశాసనము చెప్పినది. దాని స్థానమున 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమును ఆ నియమమునే నిలిపినది. ఇక, రెండు పుస్తకములు వ్రాయు దురలవాటున్న చోట, ఏ పుస్తకము నిజమని చెప్పి న్యాయము నడుగుదుము? పన్నుకు దాచిన లాభమును తగవునాడు చూపబోయినవాడు తన నోటనే తన తప్పు నొప్పుకొనవలసి వచ్చును.

అసలు భాగస్వామ్యమే కలదా యను వివాదము మరియొకటి. ఒకడు మేనల్లునికి 5 లక్షలు పంపును. లాభములో కొంత యని ప్రతి దీపావళికి మేనల్లుడు తెచ్చి యిచ్చును. కొట్టు వృద్ధిలోనికి వచ్చిన పిమ్మట మేనమామ 'నేను భాగస్థుడను' అనును. మేనల్లుడు 'మామయ్యా, నీది చేబదులు, ఇదిగో అసలు' అనును. కొట్టు దివాలా తీసినచో ఈ పలుకులే తారుమారగును! అప్పుడు మేనల్లుడు 'నష్టములో నీకును భాగము కలదు' అనును, మేనమామ 'నాది అప్పు' అనును. లాభములో పాలు పుచ్చుకొన్నంత మాత్రమున భాగస్థుడు కాడని శాసనము స్పష్టముగా చెప్పుచున్నది. అప్పిచ్చినవాడును, జీతగాడును, చనిపోయిన భాగస్థుని భార్యాబిడ్డలును లాభములో పాలు పొందవచ్చును. భాగస్థులు కానక్కరలేదు. బ్యాంకు లెక్కలో సొమ్ము పోయినట్లు మాత్రమే కనబడును, ఎందులకు పోయెనో కనబడదు.

అన్నదమ్ముల కొట్లలో చిక్కు మరింత ఎక్కువ. బోర్డుమీద 'బ్రదర్స్' అని వ్రాయించినంత మాత్రమున తమ్ముడు భాగస్థుడు కాడు. భాగస్వామ్యము ఒడంబడికవలన పుట్టునే గాని పుట్టుకవలన కలుగదు. అవిభక్తకుటుంబపు వ్యాపారమేమో యన్నచో, కుటుంబములోని ఒకని పేర నడచు వ్యాపారము, అతడు కుటుంబపు కర్తయే యైనను, కుటుంబముదని భావించుటకు వీలులేదని సుప్రీముకోర్టు 1968లో తీర్పు చెప్పినది. ఉమ్మడి ఆస్తితో అది వెలసెననియో, సంపాదన ఉమ్మడిలో కలిసెననియో చెప్పువాడే రుజువు చేయవలెను. 2017లో జి.ఎస్.టి. వచ్చిననాడు అనేక గృహములలో అన్నగారి పేరనే నమోదు చేయించిరి. అది అనుకూలమని చేసినదే, దురుద్దేశముతో కాదు. కాని పదేండ్లు గడచిన పిమ్మట ఆ కాగితము ఒక్కటే సాక్షిగా నిలుచును. బ్యాంకు అప్పునకు మాత్రము తమ్మునిచేత జామీను సంతకము చేయించియుందురు. అప్పులో తమ్ముని సంతకమున్నది, ఆస్తిలో లేదు!

ఆడపడుచుల మాట యెత్తినచో సభలో కొందరికి కంటగింపు కావచ్చును. అయినను చెప్పక తప్పదు. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ శాసనముచొప్పున, వీలునామా వ్రాయక చనిపోయినవాని స్వంత ఆస్తిలో భార్యకును, తల్లికిని, కొడుకులకును, కుమార్తెలకును తలకొక సమానభాగము. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు జన్మహక్కు మన ఆంధ్రరాష్ట్రశాసనము 1986లోనే కొంతవరకు కల్పించినది. దేశమంతటికి 2005లో వచ్చినది. ఆ 2005నాటికి తండ్రి జీవించి యుండనక్కరలేదని 2020లో సుప్రీముకోర్టు తేల్చినది. తండ్రిగారి కొట్టును అన్నదమ్ములు ముప్పదేండ్లు నడపి పెంచిరి. ఎంత తండ్రిది, ఎంత వీరి కష్టము? తండ్రి పోయిననాటి సరకు, బాకీలు, ఆస్తి ఇంతయని ఒక జాబితా వ్రాసి అందరు సంతకములు చేసియుండిన, అక్క హక్కునకు భంగము లేదు, తమ్ముని కష్టమునకును భంగము లేదు. అది లేకపోవుటవలన నేడు రాఖీలు కట్టుచేతులే వకాలత్తులకు సంతకములు చేయుచున్నవి.

మరియొక మాట. మన చిన్నకొట్లలో ఎన్నింటికి తొలి పెట్టుబడి ఇంటియిల్లాలి నగ! గాజులు కుదువ పెట్టిరి, కాసులపేరు అమ్మిరి. కొట్టు నిలిచినది. కాని ఆ కాసులపేరు ఏ పద్దులోను కనబడదు. స్త్రీధనము ఆమె స్వంతము. అది అప్పో, పెట్టుబడియో ఆమె పేర ఒక పంక్తి వ్రాయుటకు ఏ శాసనము అడ్డు వచ్చినది? మన అలవాటే అడ్డు వచ్చినది.

ఇప్పుడు నా తప్పును చెప్పెదను. ఊరును పేరులును చెప్పను.

జ్ఞాతులైన ఇద్దరు ఒక కొట్టు పెట్టి పదునారేండ్లు ఒక కంచములో తినినట్లు నడపిరి. సగము సగమని ఊరెల్ల ఎరుగును. పత్రము లేదు, రిజిస్టరు లేదు. చిన్నవాడు ఒకనాటి రాత్రి గుండె ఆగి మరణించెను. భార్యయు, ఇద్దరు చిన్నపిల్లలును మిగిలిరి. పెద్దవాడు నెలనెల ఇంటిఖర్చు పంపుచుండెను. అతడు మంచివాడే. మాసికములు గడచిన పిమ్మట ఆమె నాయొద్దకు వచ్చి, "అన్నయ్యగారూ, కొట్టు లెక్కలు ఒక్కసారి చూపించమని అడుగవచ్చునా?" అనెను. నేనును మరి ఇద్దరు పెద్దలును ఆలోచించి, "అమ్మా, తొందరపడవద్దు. ఆయన నెలనెల పంపుచునే యున్నాడు గదా! ఇప్పుడు లెక్కలడిగిన మనసు విరుగును. పిల్లవాని చదువు కానీ, మేమే కూర్చుండబెట్టి తేల్చెదము" అంటిమి. ఆమె మా మాట విని వెడలిపోయెను. మేము మంచిపని చేసితి మనుకొంటిమి.

నాలుగవ యేట పెద్దవాడు మంచము పట్టెను. కుమారులు కొట్టు నడపసాగిరి. నెలసొమ్ము తగ్గెను, పిదప నిలిచెను. ఆమె భర్త వ్రాసుకొన్న చిన్న డైరీ నొకదానిని చేతబట్టుకొని తిరిగి వచ్చెను. ఆమెను వెంటబెట్టుకొని వకీలుగారి యొద్దకు పోతిమి. ఆయన డైరీ చూడలేదు. "ఆయన మరణించి ఎన్నేండ్లయినది?" అని మాత్రము అడిగెను. వేరు ఒడంబడిక లేనప్పుడు భాగస్థుని మరణముతోనే భాగస్వామ్యము రద్దగును. రద్దయిన వ్యాపారపు లెక్కలకొరకు, లాభపు వాటాకొరకు దావా వేయుటకు 1963వ సంవత్సరపు కాలపరిమితి శాసనము ఇచ్చు గడువు రద్దయిననాటినుండి మూడేండ్లు. ఆ గడువు గడచి ఏడు నెలలయినది. గడువులోపల వారు సంతకముచేసి హక్కును ఒప్పుకొన్న కాగితమేదైన ఉన్నచో కాలము మరల మొదలగును. అట్టిది లేదు. నెలసొమ్మంతయు చేతికి చేయి ఇచ్చినదే. కాలదోషము పట్టినది.

వినుడు. ఆ వ్యాపారము రిజిస్టరు కాకున్నను, రద్దయిన వ్యాపారపు లెక్కల దావాకు ఆ లోపము అడ్డు కాదు. ఆ ద్వారము తెరచియే యుండెను. భాగస్థుడు చనిపోయిన పిమ్మట లెక్క తీర్చకయే అతని సొమ్ముతో వ్యాపారము సాగించినచో, అతని వారసులు తరువాతి లాభములలో తగిన పాలుగాని, వాటామీద సాలుకు నూటికి 6 వంతున వడ్డీగాని కోరుకొనవచ్చునని శాసనమే చెప్పుచున్నది. ఆమెకు హక్కుండెను, ద్వారముండెను, ధైర్యమును ఉండెను. ఆమె అడుగ వచ్చినది గదా! ఆ ద్వారమునకు అడ్డుగా కూర్చున్నవారము మేము. మేము చేసిన మర్యాద ఆమె హక్కును చంపెను. కడకు ఆ పిల్లలకు దక్కినది పెద్దవాని కుమారులు తమంతట తాము ఇచ్చినదే. అది ఆమె వాటాగా రాలేదు, దానముగా వచ్చినది. ఆమె నన్నొక మాట అనలేదు. అనియుండిన నాకు కొంత ఊరట కలిగెడిది.

ఆనాటినుండి నేనొక నియమము పెట్టుకొంటిని. ఎవరినైనను 'ఆగుడు' అని చెప్పవలసివచ్చినచో, ముందు ఎదుటివారిచేత 'ఇంత వాటా వీరికి చెల్లవలసియున్నది' అని తేదీతో, సంతకముతో ఒక కాగితము వ్రాయించిన పిమ్మటనే చెప్పుదును. ఆ కాగితము లేని 'ఆగుడు' అన్న మాట బలహీనుని చేతులు కట్టివేయుటయే.

'పత్రము వ్రాయమన్నచో నామీద నమ్మకము లేదా యని అడుగుదురే' అని మీరనవచ్చును. అయ్యా, వివాహమునకు మనము లగ్నపత్రిక వ్రాయించుకొనుచున్నాము. వియ్యంకుల నడుమ నమ్మకము లేకనా? పురోహితుడు చదువగా ఇరువైపుల పెద్దలు విని, పసుపు పూసి చేతులు మార్చుకొనుచున్నారు. అది అనుమానము కాదు, మంగళము. కొట్టు పెట్టుటయు అట్టి సంబంధమే గదా! దానికిని ఒక పత్రిక యేల ఉండకూడదు? తగవు వచ్చిన పిమ్మట వ్రాయుదమన్నచో కలము సాగదు. ప్రేమ యున్ననాడే వ్రాయవలెను.

ఏమి వ్రాయవలెను? పెద్ద గ్రంథము అక్కరలేదు. ఎవరెవరు, ఏనాటినుండి. ఎవరి పెట్టుబడి ఎంత. లాభములో వాటా ఎంత, నష్టములో వాటా ఎంత. పనిచేయువారికి జీతమెంత, పెట్టుబడికి వడ్డీ కలదా లేదా. బ్యాంకులో ఎవరి సంతకము చెల్లును. కొట్టుగది, కొట్టుపేరు, కాటాలు, బండి ఎవరివి, వ్యాపారమువా, ఒకరి స్వంతమా. ఒకరు విడిపోయినను, మరణించినను వ్యాపారము సాగునా, వారి వాటా ఎట్లు వెలకట్టవలెను, ఎన్ని నెలలలో చెల్లింపవలెను. తుదకు, తగవు వచ్చినచో ఎవరు తీర్చవలెను. ఈ కడపటి మాట ముఖ్యము. మధ్యవర్తిత్వమునకు ఒడంబడిక వ్రాతపూర్వకముగా ఉండవలెనని 1996వ సంవత్సరపు శాసనము చెప్పుచున్నది. మన పెద్దల తీర్పునకు న్యాయస్థానపు డిక్రీవంటి బలము కలుగవలెనన్నను ఆ పంక్తి అవసరము.

పత్రమును తగిన స్టాంపు కాగితముమీద వ్రాసి, వ్యాపారమును రిజిస్ట్రారు కచేరీలో నమోదు చేయింపవలెను. నమోదు నిర్బంధము కాదు. కాని నమోదు లేని సంస్థ బాకీదారునిమీద ఒడంబడిక నాశ్రయించి దావా వేయజాలదు. భాగస్థుడు వ్యాపారము సాగుచుండగా తోటి భాగస్థునిమీద ఒడంబడిక హక్కుకొరకు దావా వేయజాలడు. బయటివారు మాత్రము ఆ సంస్థమీద దావా వేయగలరు! 1932లో శాసనము చేసినవారు ఈ నియమమును మాత్రము ఒక యేడు ఆలస్యముగా, 1933 అక్టోబరు 1వ తేదీన అమలుచేసిరి. జనులు నమోదు చేసికొనుటకు గడువిచ్చిరి. ఆ గడువు గడచి తొంబదేండ్లు దాటినను మనలో ఎందరో ఇంకను మేలుకొనలేదు.

ఇక ఏటేట ఉగాదికో దీపావళికో లక్ష్మీపూజ చేసి క్రొత్తపుస్తకము తెరచునాడు, గడచిన సంవత్సరపు జమాఖర్చు తేలిక పట్టీమీద భాగస్థులందరు సంతకము చేయుదురు గాక. ఆనాడు ఇంటి స్త్రీలును ఆ పట్టీని చదువుదురు గాక. పదేండ్ల తగవు పది నిమిషముల సంతకముతో నివారింపబడును.

పోషకమహాశయులకు ఒక విన్నపము. మీరు పేదబంధువులచేత కొట్లు పెట్టించుచున్నారు. అది పుణ్యకార్యము. ఇచ్చునాడే ఇది దానమా, అప్పా, వాటాయా యని ఒక్క పంక్తి వ్రాసి యిండు. దానమైనచో దానమని వ్రాయుడు. మీ తరువాత మీ కుమారులు వానిని లెక్కలడుగకుండ మీరు కాపాడినవారగుదురు.

మహాసభవారికి నేను చేయు ప్రతిపాదనలు మూడు. సులభమైన తెలుగున ఒక భాగస్వామ్యపత్రపు నమూనాను సిద్ధపరచి ప్రతి పట్టణసంఘమునకు పంపవలెను. ప్రతి జిల్లాలో ఒక వకీలు, ఒక ఆడిటరు, ఇద్దరు వర్తకులు, ఒక స్త్రీసభ్యురాలు గల ఉపసంఘమును ఏర్పరచి, పత్రము లేని కొట్లవారికి వ్రాసికొనుటకు సాయపడవలెను. మూడవది, భాగస్థుడు మరణించిన యింటికి పరామర్శకు పోవు మన పెద్దలు పన్నెండవనాడు బియ్యము, పప్పులతోపాటు మూడేండ్ల గడువు సంగతియు ఆ యిల్లాలికి తెలియజెప్పవలెను. ఈ మూడవదానిని మీరు తీర్మానముగా అంగీకరింతురేని, నేను చేసిన తప్పు మరియొక యింట జరుగకుండును.

పెనుగొండ వెలసిన వాసవీమాత మన సంసారములను, వర్తకములను చల్లగా చూచుగాక!